ఛాన్సలరు పదవి: ఐరోపా రాజ్యతంత్రమున దాని చరిత్ర

ఛాన్సలరు అను పదవి ఐరోపా రాజ్యతంత్రమున సుమారు పదునైదు శతాబ్దములుగా ఏదో యొక రూపమున నిలిచియున్నది. ఇంతకాలములో ఆ పేరు ధరించినవారు ఒక దేశమున న్యాయాధిపతులు, ఒక దేశమున కోశాధికారులు, వేఱొక దేశమున విదేశాంగ మంత్రులు, మఱియొక దేశమున సాక్షాత్తు ప్రభుత్వాధినేతలు. నేటి జర్మనీ, ఆస్ట్రియా దేశములలో ఛాన్సలరనగా ప్రధానమంత్రియే. ఇంగ్లండులో లార్డ్ ఛాన్సలరు ఒకడు, ఆర్థికశాఖను నడపు ఛాన్సలరు వేఱొకడు. స్విట్జర్లండులో ఆ పేరుగలవాడు మంత్రిమండలి కార్యాలయమునకు పెద్ద మాత్రమే. ఇంత భిన్నములైన ఉద్యోగములకు మూలము ఒక్కటియే: రాజు మాటను పత్రమున కెక్కించి దానికి ముద్ర వేయించు పని. రాజాజ్ఞ వ్రాతలో నున్నప్పుడే చెల్లుబాటగు రాజ్యమున, ఆ వ్రాతను కాచువాడు క్రమముగా రాజ్యభారమునే వహించుటలో ఆశ్చర్యము లేదు. ఐనను ఆ అధికారము అతని స్వార్జితము కాదు, ఎరవు తెచ్చుకొన్నది. కాబట్టి ఏ కాలమున ఛాన్సలరు ఎవరికి లెక్క యొప్పజెప్పవలసి యుండెను అను ప్రశ్నను పట్టుకొని నడచినచో ఈ పదవి చరిత్ర చక్కగా బోధపడును.

రోమను సామ్రాజ్యపు చివరి శతాబ్దములలో న్యాయసభయందు అధికారిని జనసామాన్యము నుండి వేఱుపఱచుచు ఒక జాలకము ఉండెడిది. దానియొద్ద నిలిచి అర్జీలను లోపలి కందించుచుండిన చిన్న ఉద్యోగులకు ఆ జాలకపు లాటిను పేరే ఉద్యోగనామ మయ్యెను. ఆఱవ శతాబ్దమున ఇటలీలో ఓస్ట్రోగోతు రాజుల కొలువు చేసిన కసియొడోరస్ తన లేఖాసంపుటిలో అట్టి యొక ఉద్యోగికి, జాలకము వెనుక చేయు పని యందఱి కంటను పడునని హెచ్చరిక చేసియున్నాడు. పశ్చిమ రోమను సామ్రాజ్యము కూలిన పిదప అక్షరజ్ఞానము చాల వఱకు క్రైస్తవ మఠములకును దేవాలయములకును పరిమితమై పోయెను. అందుచేత కరోలింజియను రాజులు తమ దానపత్రములను వ్రాయించుటకు రాజప్రార్థనామందిరమునకు చెందిన మతాధికారులను నియమించుకొనిరి. ఆ లేఖకుల పెద్దకే కాలక్రమమున ఛాన్సలరను పేరు స్థిరపడెను.

ఆనాటి పత్రరచనా విధానము గమనింపదగినది. లేఖకుడు తోలుపత్రముపై విషయమంతయు వ్రాసి, రాజనామములోని యక్షరములను పెనవైచి యొక నామచిహ్నమును గీసి, అందొక్క గీతను మాత్రము విడిచిపెట్టును. ఆ గీతను రాజు తన చేతితో పూర్తిచేయును. పిమ్మట ఛాన్సలరో, అతని పేర మఱియొకడో, పత్రము సరిగా నున్నదని క్రింద ధ్రువీకరించును. తుదకు ముద్ర పడును. రాజు చేసినది ఒక్క గీత. తక్కినదంతయు లేఖకశాల చేసినది. షార్లమేను చక్రవర్తి ముదిమిలో అక్షరములు దిద్దుకొన యత్నించియు కృతార్థుడు కాలేకపోయెనని ఆతని చరిత్రకారుడు ఐన్‌హార్డు వ్రాసియున్నాడు. వ్రాయలేని ప్రభువులకు వ్రాయగలవారు ఎంత యావశ్యకులో దీనివలన ఊహింపవచ్చును.

ఛాన్సలరను పేరు లేకున్నను ఆ పని మన దేశమునను కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజశాసనములు ఎట్లుండవలెనో, వాని రచనకు అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము అను గుణము లెట్లు కావలెనో ఒక యధ్యాయమే చెప్పుచున్నది. దానశాసనమును సాంధివిగ్రహికునిచే, అనగా సంధి విగ్రహముల మంత్రిచే వ్రాయింపవలెనను వచనమును విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఉదాహరించెను. వేంగీ చాళుక్యుల తామ్రశాసనముల తుదిని ఆజ్ఞప్తి, అనగా శాసనమును అమలు జరుపు అధికారి, పేరును, పెక్కింట శాసనకర్త పేరును చెక్కుట వాడుక; రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనమును రచించినవాడు నన్నయభట్టే. లేఖినియు, పరరాజ్య వ్యవహారమును ఒకే చేతిలో నుండుట మితాక్షర నాటికి ధర్మముగా తోచినది. ఐరోపాలోను ముందు ముందు అదియే సంభవించెను.

జర్మను రాజ్యమున పదవ శతాబ్దము నుండి మైన్జు ఆర్చిబిషప్పు మహాఛాన్సలరుగా గౌరవింపబడెను. పిదప కొలోను ఆర్చిబిషప్పు ఇటలీకిని, ట్రియర్ ఆర్చిబిషప్పు బర్గండీకిని అదే బిరుదు వహించిరి. ఈ మువ్వురును చక్రవర్తి నెన్నుకొను ఏడ్గురిలోని వారగుట 1356 నాటి స్వర్ణపత్రముచే స్థిరపడెను. కాని వీరి బిరుదు అలంకారప్రాయము. కలము పట్టి పని చేసినవాడు చక్రవర్తి వెంట తిరుగు మామూలు ఛాన్సలరు. ఫ్రెడరిక్ బార్బరోసా కొలువున 1156 నుండి ఆ పని చేసిన రైనాల్డ్ ఫాన్ డాసెల్ పోపుతో వైరమునకు జంకక చక్రవర్తి విధానమును తానే నడపి, 1167లో రోము దండయాత్రయందు జ్వరముచే మరణించెను. పత్రము వ్రాయువాడు విధానమును నిర్ణయించువాడగుటకు ఈతడొక తొలి నిదర్శనము.

ఈ పదవి యొక్క సంపూర్ణ వికాసమును చూడవలెనన్న ఇంగ్లండు చరిత్రనే చదువవలెను. రెండవ హెన్రీ 1155లో థామస్ బెకెట్టును ఛాన్సలరుగా నియమించెను. బెకెట్టు రాజునకు ప్రాణమిత్రుడై, 1158లో పారిసునకు మహావైభవముతో రాయబారము నడపి, మఱుసటి యేట టులూజు దండయాత్రలో స్వయముగా యోధులను నడిపించెను. 1162లో రాజు అతనిని కాంటర్బరీ ఆర్చిబిషప్పును చేయగా, బెకెట్టు ఛాన్సలరు పదవిని విడిచిపెట్టెను. రెండు పదవులును ఒక్కని చేతనుండి రాజ్యమును మతమును తన కనుకూలముగా నడచునని తలచిన రాజునకు ఇది మొదటి దెబ్బ. తరువాతి కలహమును, 1170 డిసెంబరు 29న దేవాలయములోనే జరిగిన బెకెట్టు హత్యయు లోకవిదితములు.

బెకెట్టు కథ కంటె అల్పముగా కనుపించుచు, ఫలితమున అధికమైనది హ్యూబర్ట్ వాల్టర్ చేసిన పని యని నా యభిప్రాయము. 1199లో ఛాన్సలరైన ఈతని కాలము నుండి, వెలువడిన రాజపత్రముల నకళ్లను తోలుపత్రములపై వరుసగా వ్రాసి, కుట్టి, చుట్టలుగా భద్రపఱచుట యారంభమైనది. అందఱును చదువదగిన పత్రమునకు ముద్రను క్రింద వ్రేలాడగట్టి తెఱచి పంపువారు. ఆంతరంగిక లేఖను మడిచి, ముద్రతోనే మూసి పంపువారు. ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క చుట్ట. ప్రభుత్వమునకు జ్ఞాపకశక్తి కలిగినది అప్పుడే. నిన్న రాజు ఎవరికేమి యిచ్చెనో రాజు మఱచినను ఛాన్సలరు మఱవడు.

న్యాయాధికారము గూడ ఈ పత్రముల నుండియే పుట్టెను. రాజన్యాయస్థానమున వ్యాజ్యము వేయవలెనన్న ఛాన్సలరు కార్యాలయము నుండి రిట్టు అను ఆజ్ఞాపత్రమును కొనవలెను. కాలక్రమమున రిట్టుల రూపములు బిగిసిపోగా, వానిలో నిమడని కష్టము గలవాడు రాజునకే మొఱపెట్టుకొనెడివాడు. రాజు ఆ యర్జీని ఛాన్సలరునకు పంపెడివాడు. ఒక యుదాహరణము చూడుడు. దూరదేశమునకు పోవుచున్న యొక గృహస్థు తన భూమిని మిత్రుని పేర వ్రాసి, దాని రాబడిని భార్యాబిడ్డల కిమ్మని చెప్పి పోయెను. మిత్రుడు మాట తప్పెను. సామాన్య న్యాయస్థానము పత్రమును చూచి, భూమి మిత్రునిదే యనును. ఛాన్సలరు ఆ మిత్రుని పిలిపించి, ప్రమాణము చేయించి, నీ యంతఃకరణ మెట్లొప్పినదని యడిగి, మాట చెల్లింపనిచో చెఱసాలకు పంపును. పదునైదవ శతాబ్దమునకు ఇది ప్రత్యేక న్యాయస్థానమై, దాని తీర్పుల నుండి సమన్యాయమను ధర్మశాఖ పెరిగెను. ట్రస్టు అను భావము దాని సంతానమే. మన దేశపు 1882 నాటి ట్రస్టుల చట్టమునకు మూలము అచ్చటనే కలదు. పొలము గట్టు తగవులో ఇంజంక్షను ఉత్తరువు కొఱకు మునసబు కోర్టు మెట్లెక్కిన తెలుగు రైతు అడిగినది, ఎఱిగియో ఎఱుగకయో, ఆ ఛాన్సలరులు కనిపెట్టిన పరిహారమునే. రాజ్యతంత్ర చరిత్రలో ఛాన్సలరు పదవి లోకమున కిచ్చిన దానములలో ఇంతకంటె శ్రేష్ఠమైనది నాకు కనుపింపదు.

కాని న్యాయము చెప్పు ఛాన్సలరునకు తన పదవి మాత్రము రాజు దయపై నిలిచియుండెను. ఇప్స్‌విచ్ పట్టణపు మాంసవిక్రేత కుమారుడు థామస్ వుల్సీ 1515 నుండి 1529 వఱకు ఛాన్సలరుగా ఇంగ్లండును తానే యేలినట్లు ఏలెను. ఎనిమిదవ హెన్రీ వివాహమును రద్దు చేయింపలేకపోయినంతనే సర్వమును పోగొట్టుకొని, మఱుసటి యేట విచారణకు లండను పోవుచు త్రోవలో లెస్టరున కన్నుమూసెను. తరువాత వచ్చిన థామస్ మోర్ మతాధికారి కాడు, న్యాయవాది. రాజు చర్చిపై ఆధిపత్యము గొనుట సహింపక 1532లో ముద్రను తిరిగి యిచ్చివేసి, 1535లో శిరశ్ఛేదమునకు గురియయ్యెను. ఈ యిరువురిలో ఒకడు రాజు కోరినది చేయలేక చెడెను. ఒకడు చేయనొల్లక చెడెను.

1616లో ఛాన్సలరు ఎల్స్‌మియరునకును ప్రధాన న్యాయమూర్తి కోక్‌నకును ఏ న్యాయస్థానపు మాట చెల్లవలెనని వచ్చిన తగవులో మొదటి జేమ్సు ఛాన్సలరు పక్షమునే తీర్పు చెప్పెను. తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1618లో లార్డ్ ఛాన్సలరై, మూడేండ్లకే కక్షిదారుల యొద్ద లంచములు గైకొన్న నేరమునకు పార్లమెంటుచే అభిశంసింపబడి, నలువది వేల పౌనుల జుల్మానాతో పదవి నుండి తొలగింపబడెను. ఛాన్సలరును పడద్రోయుట రాజునకే కాక సభకును సాధ్యమని ఈ యుదంతము వెల్లడించినది.

ఛాన్సలరు కాచు రాజ్యపు మహాముద్రపై నాటివారికి గల గౌరవమును చూపుటకు రెండు సంగతులు చాలును. 1688 డిసెంబరులో రెండవ జేమ్సు పలాయితుడగుచు, అది లేక ప్రభుత్వము సాగదను తలంపుతో మహాముద్రను థేమ్సు నదిలో పాఱవైచెను. 1784 మార్చిలో లార్డ్ ఛాన్సలరు థర్లో గృహమున దొంగలు పడి మహాముద్ర నెత్తుకొనిపోగా, పార్లమెంటును రద్దు చేయు తరుణమగుటచే హుటాహుటిగా క్రొత్త ముద్రను చెక్కించిరి. ముద్ర గౌరవ మట్లుండగా న్యాయస్థానము మాత్రము క్షీణించెను. దాదాపు ఇరువదియైదేండ్లు ఛాన్సలరు పదవి ననుభవించిన లార్డ్ ఎల్డన్ 1827లో దిగిపోవునాటికి ఛాన్సలరు న్యాయస్థానమున వ్యాజ్యములు తరతరములు సాగి, ఆస్తులు ఖర్చులకే కరగిపోవుచుండెను. డికెన్స్ తన బ్లీక్ హౌస్ నవలలో దండించినది ఈ దురవస్థనే. అంతఃకరణమును సంస్కరింప పుట్టిన సంస్థయే అంతఃకరణ శూన్యమగుట మిక్కిలి శోచనీయము. 1873, 1875 సంవత్సరముల చట్టములు ఆ న్యాయస్థానమును ఉన్నత న్యాయస్థానములో విలీనము చేసెను. ఐనను లార్డ్ ఛాన్సలరు ఒక్కడే న్యాయాధిపతియు, మంత్రియు, ప్రభువుల సభాధ్యక్షుడునై కొనసాగెను. 2005 నాటి రాజ్యాంగ సంస్కరణ చట్టము న్యాయశాఖాధిపత్యమును, సభాధ్యక్షతను తొలగించి ఆతనిని ఒక మంత్రిగా మాత్రము మిగిల్చినది. ఈ లోపల, పదుమూడవ శతాబ్దమున కోశాగార ముద్రను కాచుటకు ఏర్పడిన వేఱొక ఛాన్సలరు ఆర్థికమంత్రిగా ఎదిగెను. ఆ హోదాలో లాయిడ్ జార్జి 1909లో తెచ్చిన బడ్జెటును ప్రభువుల సభ త్రోసిపుచ్చుటయే 1911 చట్టముచే ఆ సభ అధికారము కుంచించుకుపోవుటకు దారితీసినది.

ఫ్రాన్సులో ఛాన్సలరు యావజ్జీవము పదవియందుండును. రాజు సైతము తొలగింపలేడు. అందుచేత రాజులు ఇష్టము లేని ఛాన్సలరు చేతినుండి ముద్రను లాగుకొని, ముద్రారక్షకుడను వేఱొక యుద్యోగికి ఇచ్చుచుండిరి. మతయుద్ధముల కాలమున సహనమును బోధించిన మిషెల్ ద లోపితాల్ 1560లో ఛాన్సలరై, 1568లో ముద్రను కోల్పోయి, మరణము దాకా బిరుదును మాత్రము నిలుపుకొనెను. 1771లో ఛాన్సలరు మోపూ రాజశాసనముల నడ్డగించుచుండిన వంశపారంపర్య న్యాయసభలను రద్దు చేసి, పదవులు కొనుక్కొనుటను మాన్పింప సాహసించెను. 1774లో పదునాఱవ లూయీ గద్దెనెక్కి యాతనిని పంపివేసి, పాత సభలనే పునరుద్ధరించెను. విప్లవము 1790లో పదవినే రద్దు చేయువఱకు మోపూ రాజీనామా యీయలేదు. ఫ్రెంచి న్యాయశాఖామంత్రికి ముద్రారక్షకుడను పేరు నేటికిని కలదు.

స్వీడను దేశపు ఆక్సెల్ ఊక్సెన్‌శెర్నా 1612లో తన యిరువదియెనిమిదవ యేట ఛాన్సలరై, 1654లో మరణించువఱకు, అనగా నలువదిరెండేండ్లు, ఆ పదవియందుండెను. 1632లో లుట్జెన్ యుద్ధభూమిని రాజు గుస్టావ్ అడాల్ఫస్ కూలగా, సింహాసనమునకు ఆఱేండ్లయినను నిండని బాలిక క్రిస్టీనా మిగిలెను. జర్మనీలో సైన్యము, ఇంట పసిరాణి, రిక్తమైన కోశాగారము: ఈ స్థితిలో ఊక్సెన్‌శెర్నా 1633లో ప్రొటెస్టెంటు సంస్థానములను హైల్‌బ్రోను కూటమిగా సమకూర్చి, 1634లో స్వదేశమునకు పాలనావిధాన శాసనమును ఏర్పఱచెను. న్యాయము, సైన్యము, నౌకాదళము, లేఖకశాల, కోశము అను నైదు శాఖలకు ఐదు మండలులు, ఒక్కొక్క మండలికి ఒక మహాధికారి యధ్యక్షుడు. రాజు లేకున్నను రాజ్యము నడచునని నిరూపించిన ఈ కట్టడి ఏ దండయాత్ర కంటెను గొప్పది.

ఆస్ట్రియాలో కౌనిట్జు 1753 నుండి దాదాపు నలువదేండ్లు రాజ్యఛాన్సలరై, 1756లో చిరకాల శత్రువైన ఫ్రాన్సుతో మైత్రి కుదిర్చి ఐరోపా కూటముల స్వరూపమునే తలక్రిందులు చేసెను. మెటర్నిహ్ 1821లో ఆ బిరుదునంది, పత్రికలను బంధించి విప్లవములను అణచుటయే రాజనీతిగా నెంచి, 1848 మార్చి 13న వియన్నా ప్రజలు తిరుగబడగా పదవి విడిచి ఇంగ్లండునకు పారిపోయెను.

ఈ ప్రధానధారకు ప్రక్కగా ప్రవహించినది విశ్వవిద్యాలయముల ఛాన్సలరు పదవి. ఆక్స్‌ఫర్డులో పదుమూడవ శతాబ్దముననే ఏర్పడిన ఈ పదవి 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములతో మన దేశమునకు వచ్చెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము స్థాపింపబడినపుడు మదరాసు గవర్నరు ఛాన్సలరు. పని యంతయు నడపినవాడు తొలి వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డి.

ఆధునిక కాలమున ఛాన్సలరు పదవి ప్రభుత్వాధిపత్యముగా మారినది జర్మనీలో. 1867లో ఉత్తర జర్మను సమాఖ్య రాజ్యాంగము చర్చకు వచ్చినపుడు, ప్రష్యా ప్రధానమంత్రి బిస్మార్కు మనసున ఛాన్సలరనగా ప్రష్యా విదేశాంగశాఖకు లోబడిన యొక యధికారి మాత్రమే. బెన్నిగ్‌సెన్ అను ప్రతినిధి తెచ్చిన సవరణముతో, రాజాజ్ఞపై ఛాన్సలరు చేవ్రాలుండవలెననియు, ఆ చేవ్రాలుతో అతడు బాధ్యత వహించుననియు ఏర్పడెను. అంతట బిస్మార్కు ఆ పదవిని తానే స్వీకరించెను. బాధ్యత వహించునని వ్రాసిరే గాని ఎవరికి వహించునో వ్రాయలేదు. 1871 సామ్రాజ్య రాజ్యాంగమునను ఈ లోపము అట్లే నిలిచినది. సభ బడ్జెటును తిరస్కరింపగలదు, ఛాన్సలరును తొలగింపలేదు. తొలగింపగలవాడు చక్రవర్తి యొక్కడే. ఈ నీడలో బిస్మార్కు పందొమ్మిదేండ్లు సర్వాధికారియై, 1883లో అనారోగ్య బీమాను, 1884లో ప్రమాద బీమాను, 1889లో వృద్ధాప్యపు పింఛనులను శాసించి, సోషలిస్టులను, అంతకుముందు కాథలిక్కులను పీడించెను. 1890లో యువ చక్రవర్తి రెండవ విల్హెల్ము మంత్రులతో నేరుగా మాటలాడబూనగా, ప్రధానుని ద్వారానే మంత్రులు రాజును చేరవలెనను 1852 నాటి ప్రష్యా ఉత్తరువును బిస్మార్కు అడ్డుపెట్టెను. మార్చి 20న ఆతని రాజీనామా అంగీకరింపబడెను. ఒక్కని ప్రాపుననే నిలిచిన పదవి ఆ యొక్కని మాటతోనే పోయినది.

ప్రపంచయుద్ధపు తుదిదినములలో, 1918 అక్టోబరున, ఛాన్సలరునకు సభ విశ్వాసము కావలెనను సవరణము వచ్చెను. నవంబరు 9న రాజరికమే పోయెను. వైమారు రాజ్యాంగము ఛాన్సలరును ఇరువురు యజమానులకు లోబఱచినది. అధ్యక్షుడు నియమించును, తొలగించును. సభయు పడగొట్టగలదు, కాని బదులు చూపనక్కఱలేదు. 1930 నుండి ఛాన్సలరు బ్రూనింగ్ 48వ అధికరణము క్రింద అధ్యక్షుని యత్యవసరాజ్ఞలతో పాలించెను. తరువాతి ఛాన్సలరు పాపెన్‌పై 1932 సెప్టెంబరు 12న సభ 512 ఓట్లతో అవిశ్వాసము ప్రకటించెను. ఆతని పక్షమున వచ్చినవి 42. 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బుర్గు హిట్లరును ఛాన్సలరుగా నియమించెను. మార్చి 23న, కమ్యూనిస్టు ప్రతినిధులు నిర్బంధములో నుండగా, సభను సాయుధ దళములు చుట్టుముట్టగా, 444 మంది అనుకూలించి, సోషల్ డెమోక్రాట్లు 94 మంది మాత్రము వ్యతిరేకింప, రాజ్యాంగమునకు విరుద్ధముగా సైతము శాసనము చేయు శక్తి మంత్రివర్గమునకు దత్తమయ్యెను. 1934 ఆగస్టులో హిండెన్‌బుర్గు మరణముతో అధ్యక్షపదవి గూడ అతనిలో లీనమైనది. లెక్క యడుగువాడు మిగులలేదు. ఆ 94 మంది పేరు ఏ చరిత్రకారుడును మఱవరాదు. ఆస్ట్రియాలోను ఛాన్సలరు డోల్‌ఫూస్ 1933 మార్చిలో పార్లమెంటును మూసివేసి నిరంకుశుడై, మఱుసటి యేట నాజీల చేత హతుడయ్యెను.

1949 మే 23 నాటి పశ్చిమ జర్మనీ మూలశాసనమును వ్రాసినవారు ఈ యనుభవమును కన్నులయెదుట నుంచుకొనిరి. 63వ అధికరణము ననుసరించి ఛాన్సలరును సభయే చర్చ లేకుండ ఎన్నుకొనును. 65వది విధాన నిర్ణయమును అతనికి ఒప్పగించును. 67వది అత్యంత విశిష్టమైనది: అతనిని తొలగింపవలెనన్న సభ అదే తీర్మానమున వారసుని ఎన్నుకొనవలెను. కూల్చుటకు కూడినవారు కట్టుటకును కూడవలెనని దీని యుద్దేశము. కొన్రాడ్ అడెనవర్ 1949 సెప్టెంబరు 15న డెబ్బదిమూడవ యేట 202 ఓట్లతో, అనగా కావలసిన సంఖ్యకు సరిగా, ఎన్నికై పదునాలుగేండ్లు పాలించెను. 1972 ఏప్రిల్ 27న ప్రతిపక్ష నాయకుడు బార్ట్‌జెల్ 247 ఓట్లు తెచ్చుకొని, రెండు తక్కువై, విల్లీ బ్రాంట్‌ను దింపలేకపోయెను. 1982 అక్టోబరు 1న హెల్ముట్ ష్మిట్‌ను తొలగించి హెల్ముట్ కోల్ 256 ఓట్లతో నెగ్గెను. ఆ నిబంధనతో అధికారము చేతులు మాఱినది అదొక్కసారియే. కోల్, అంజెలా మెర్కెల్ ఒక్కొక్కరు పదునాఱేండ్లు పాలించిరనగా ఆ కట్టడి యిచ్చిన స్థైర్యము తెలియును. సంకీర్ణ పక్షములు, రాష్ట్రముల మండలి, కార్ల్స్‌రూయ నగరపు రాజ్యాంగ న్యాయస్థానము వారి చేతులను కట్టియేయుంచినవి. 2024 డిసెంబరు 16న ఛాన్సలరు ఒలాఫ్ షోల్ట్స్ తానే కోరిన విశ్వాసపరీక్షలో ఓడగా ఎన్నికలు ముందే వచ్చెను. తదుపరి ఛాన్సలరు ఫ్రెడ్రిహ్ మెర్ట్స్‌నకు 2025 మే 6న రహస్య ఓటింగు మొదటి విడతలో 316 కావలసియుండగా 310 మాత్రమే లభించినవి. గెలుచునని అందఱు ఎంచిన అభ్యర్థి తొలివిడతలో ఓడుట ఆ గణతంత్రమున మునుపెన్నడు జరుగలేదు. నాటి సాయంకాలము రెండవ విడతలో 325 ఓట్లతో అతడు ఎన్నికై ప్రమాణము చేసెను.